కాంతిని దాటిన మా కంపెనీ

మా కంపెనీ ఒకసారి కాంతిని దాటి పరుగెత్తింది. ఆ రోజు ఆఫీసులో అందరికీ కలాకండ్ పంచారు. నేనూ తిన్నాను, బాగానే ఉంది.

నెట్‌వర్కు ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను కలిసినప్పుడు, సర్వీసులో మీరు సాధించిన గొప్ప పనేమిటి మేడం అని అడుగుతుంటారు. నేను సాధించింది అంతంతమాత్రమే. కానీ సృష్టిలో ఎవరికీ సాధ్యం కాని పని మా ఆఫీసులో ఎలా సాధ్యమైందో, ఆ ఘనకార్యం చివరికి ఎవరి మెడకి చుట్టుకోబోయిందో చెప్పగలను. ఇలాంటిది మీ ఆఫీసులోనూ ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. ముందే విని ఉంచుకోండి.

మాది ఫైబర్ లైన్లు అద్దెకిచ్చే కంపెనీ. వెంట్రుకంత సన్నని గాజు పోగు, దాని ఒక చివర కాంతిని మిణుకు మిణుకుమనిపిస్తే రెండో చివర అవే మిణుకులు మాటలూ బొమ్మలూ లెక్కలూ అవుతాయి. అంతే వ్యాపారం. ఆఫీసు సికింద్రాబాదులో, స్టేషన్‌కి నడిచి వెళ్ళే దూరంలో. నేను మెట్టుగూడ నుంచి బస్సులో వచ్చి నెట్‌వర్కు విభాగం చూసుకుని పోయేదాన్ని. అప్పటికి నా రిటైర్‌మెంటు దగ్గర పడుతోంది.

నా విభాగంలో ఒక ఇంజనీరు ఉండేవాడు. మౌలాలి మనిషి, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. ఆయన పని గడియారాలు చూడటం. ఊరూరా ఉన్న మా స్టేషన్లలో ఒక్కో గడియారం ఉంటుంది. డాబా మీద యాంటెన్నా పెట్టి, ఉపగ్రహాల నుంచి సమయం అందుకుని నడిచే గడియారాలవి. అన్నీ సెకనులో పదిలక్షో వంతు కూడా తేడా లేకుండా కలిసి నడవాలి. ఆయన్ని అందరూ గడియారాల సార్ అనేవారు. మా ఎండీ గారు చేతికి ఖరీదైన వాచీ పెట్టుకుని కూడా, ఆయన ఎదురుపడితే చాలు టైమెంతయిందని అడిగి నవ్వేవారు. ఆ హాస్యానికి చుట్టూ ఉన్నవాళ్ళం నవ్వాలి. గడియారాల సార్ మాత్రం నవ్వకుండా టైము చెప్పి వెళ్ళిపోయేవాడు.

కథ మా సేల్స్ పెద్దతో మొదలైంది. మాట చాలా మంచిది ఆయనది. ఎవరు అడిగినా, ఏది అడిగినా, లేదనకుండా మాట ఇచ్చేస్తాడు.

షేర్ల వ్యాపారం చేసే ఒక కంపెనీ మా దగ్గరికి వచ్చింది. వాళ్ళ కంప్యూటర్లు సగం సికింద్రాబాదులో, సగం ముంబయిలో షేర్ మార్కెట్ పక్కనే. ఇక్కడి మిషను ఏదైనా కొనమంటే ఆ కబురు ముంబయికి అందరికంటే ముందు చేరాలి. వాళ్ళ ప్రాణమంతా అక్కడే ఉంది. మా పోటీ కంపెనీ వాళ్ళకి అయిదు మిల్లీసెకన్లలో చేరుస్తామని చెప్పిందట. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. మా సేల్స్ పెద్ద నాలుగున్నర అని ఉంటే మర్యాదగా ఉండేది. కానీ నాలుగున్నర అంటే పోటీవాళ్ళు నాలుగంటారు, మనం మూడనాలి, వాళ్ళు రెండంటారు అని దారంతా తనలో తనే వేలంపాట పాడుకుని, ఇక ఎవరూ తాకలేని అంకె వేస్తే గొడవే ఉండదని ఒకటిన్నర రాసి సంతకం పెట్టి వచ్చాడు.

నేను ఆ కాగితం చూసి నేరుగా గడియారాల సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చాయ్ తాగుతున్నాడు. చదివి గ్లాసు కింద పెట్టాడు.

"అక్కా, కాంతి ఖాళీ జాగల మిల్లీసెకనుకు మూడొందల కిలోమీటర్లు పోతది. గాజుల అయితే రెండొందలే. మన తీగ వంకరలు తిరుక్కుంట ముంబయికి తొమ్మిదొందల కిలోమీటర్లు. అంటే నాలుగున్నర మిల్లీసెకన్లు. గాజు తీసేసి, కొండలు సుత తీసేసి, తిన్నగ గీత గీసినట్టు పంపినా ఆరొందల కిలోమీటర్లకు పైనే ఉంటది, అంటే రెండు మిల్లీసెకన్లు దాటుతది. ఒకటిన్నరల కాంతి పుణె సుత చేరదు."

"మరి సంతకం అయిపోయిందయ్యా."

"సంతకం అయిందని కాంతికి ఎవరు చెప్తరు?"

ఆ చెప్పే పని నాకే పడింది. ఎండీ గారి గదిలో సమావేశం పెట్టారు. నేను వీలైనంత సౌమ్యంగా చెప్పాను. ఇది మన లైను లోపం కాదండీ, ఇంకో మిషను కొంటే పోయేది కాదు. ఒక చోట జరిగింది ఇంకో చోటికి తెలియాలంటే కబురు ప్రయాణం చేయాలి, ఏ కబురైనా కాంతిని మించి పోలేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి కొలిచినా, దూసుకుపోయే రైల్లో కూర్చుని కొలిచినా కాంతి వేగం ఒక్కటే వస్తుంది. ఆ వేగం మాత్రం మారదు కాబట్టి, రైల్లోవాడి గడియారానికీ ప్లాట్‌ఫారం మీదవాడి గడియారానికీ, వాళ్ళ కొలబద్దలకీ లెక్క కుదరక, కాలమూ దూరమూ సర్దుకుంటాయి. సాపేక్ష సిద్ధాంతం చెప్పేది ఇదే.

ఎండీ గారు శ్రద్ధగా విని సేల్స్ పెద్ద వైపు చూశారు. ఆయన చాలా వినయంగా అన్నాడు: "కాలమూ దూరమూ కూడా సర్దుకుంటున్నప్పుడు మేడం, మీ డిపార్ట్‌మెంట్ ఎందుకు సర్దుకోదు?"

గదిలో అందరికీ ఆ మాట తెగ నచ్చింది. ఎండీ గారు నోట్ చేసుకున్నారు కూడా. ఇకమీదట భౌతికశాస్త్రాన్ని సాకుగా చూపకూడదని అందరికీ మెయిల్ వచ్చింది.

తర్వాతి వారం మా అందరినీ బొల్లారంలో ఒక క్లబ్బుకి తీసుకెళ్ళారు. మా ఆలోచనా విధానం మార్చడానికి ఒక శిక్షకుడు వచ్చాడు. గొప్ప గొంతు. ఒక్కొక్కరం మన దారికి అడ్డుగా ఉన్నదేమిటో చీటీ మీద రాసి, అందరి ముందూ చించి చెత్తబుట్టలో వేయాలన్నాడు. మా అకౌంట్స్ ఆయన ఏం రాశాడో గానీ మహా ఉత్సాహంగా చించాడు. గడియారాల సార్ కాంతి వేగం రాసి, చించకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు చించలేదని శిక్షకుడు అడిగితే, చించితే లోకానికి ఏమైతదో తెల్వదు సార్, రిస్క్ ఎందుకన్నాడు. శిక్షకుడు ఇలాంటి వాళ్ళే సంస్థలకి బరువని, ఆయన పేరెత్తకుండా ఆయన్నే చూస్తూ అరగంట ఉపన్యసించాడు. మధ్యాహ్నం బిర్యానీ పెట్టారు.

ఆలోచనా విధానం మారాక పరీక్ష చేశారు. నాలుగున్నర వచ్చింది. మళ్ళీ చేశారు. మళ్ళీ నాలుగున్నర. లైను అద్దెకి తీసుకున్న షేర్ల కంపెనీ నెల గడువిచ్చింది. ఈ వ్యవహారానికి బాధ్యులెవరో తేలాలన్నారు ఎండీ గారు. ఒప్పందంలో సమయం అన్న మాట ఉంది, సమయానికి మన దగ్గర ఒక మనిషి ఉన్నాడు, కాబట్టి బాధ్యత గడియారాల సార్‌దని తేల్చారు. నెలలో ఒకటిన్నర రాకపోతే ఆయన కంపెనీలో ఉండటం గురించి ఆలోచించాల్సి ఉంటుందని చెప్పారు. కాంతి ఆలస్యంగా వచ్చినందుకు ఒక మనిషి ఉద్యోగం ఊడబోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఈలోపు మా డిప్యూటీ మేనేజరు రంగంలోకి దిగాడు. మేనేజ్‌మెంటు చదివిన కుర్రాడు, చొరవ ఎక్కువ, ప్రశ్నలు తక్కువ. ముంబయి స్టేషన్ తనకి అప్పగిస్తే నెల కాదు, వారం చాలన్నాడు. వెళ్ళాడు. అన్నట్టే వారం లోపలే సికింద్రాబాదు నుంచి ముంబయికి ఒకటిన్నర మిల్లీసెకను చూపించింది తెర. ఎన్నిసార్లు చూసినా ఒకటిన్నరే. కలాకండ్ పంచింది అప్పుడే. డిప్యూటీ తిరిగి రాగానే శాలువా కప్పారు. సేల్స్ పెద్ద మైకు తీసుకుని, సంకల్పం ఉంటే సైన్సే దారిస్తుందని చెప్పి, నా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. నా నోటినిండా కలాకండ్ ఉండబట్టి సరిపోయింది.

గడియారాల సార్ తన ముక్క ముట్టుకోలేదు. నన్ను పక్కకి పిలిచి, ఇక్కడినుంచి అక్కడికి అందరూ చూసిండ్రు, అక్కడినుంచి ఇక్కడికి ఎవరన్న చూసిండ్రా అన్నాడు. ఎవరూ చూడలేదు. ఇద్దరం కూర్చుని చూశాం. ముంబయి నుంచి సికింద్రాబాదుకి ఏడున్నర మిల్లీసెకన్లు. అదే తీగ, అదే గాజు, అదే కాంతి. పోయేటప్పుడు ఒకటిన్నర, వచ్చేటప్పుడు ఏడున్నర.

అప్పుడాయన మూడో పరీక్ష చేశాడు. ఇక్కడినుంచి కబురు పంపి, అది ముంబయి తాకి తిరిగి ఇక్కడికే వచ్చేదాకా, మన ఒక్క గడియారంతోనే కొలిచాడు. తొమ్మిది. శాలువా కప్పకముందూ తొమ్మిదే, కప్పాకా తొమ్మిదే.

నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. పోయే వేళ ఇక్కడి గడియారం రాస్తుంది, చేరే వేళ అక్కడి గడియారం రాస్తుంది. అక్కడి గడియారాన్ని మూడు మిల్లీసెకన్లు వెనక్కి జరిపితే, నాలుగున్నరలో చేరిన కబురు ఒకటిన్నరలోనే చేరినట్టు రాసుకుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ మూడూ వచ్చి ఎదురు కూర్చుంటాయి. నాలుగున్నర ఏడున్నర అవుతుంది. వెళ్ళిరావడం మొత్తం ఒకే గడియారం కొలిచినప్పుడు ఈ గారడీ చెల్లదు.

నాకు మా చర్చి గుర్తొచ్చింది. మా చర్చిలో ఆర్గన్ ముందు, పాడేవాళ్ళం వెనక మేడ మీద. ఆర్గన్ శబ్దం మాకు చేరాక మేం పాడతాం, మా పాట ఆర్గన్ వాయించే ఆవిడకి ఇంకాస్త ఆలస్యంగా చేరుతుంది. మేం సాగదీస్తున్నామని ఆవిడ, ఆవిడే తొందరపడుతోందని మేము, ఏళ్ళ తరబడి కీచులాట. పాస్టరు గారు మధ్యలో ఎక్కడో కూర్చుని ఇద్దరూ సరిగ్గానే ఉన్నారనేవారు. ఆయనది ప్రేమ అనుకునేదాన్ని గానీ అది లెక్క.

ఆ మాట గడియారాల సార్‌తో అంటే ఆయన ముఖం వెలిగింది. "అదే అక్కా. ముంబయిల 'ఇప్పుడు' ఏందో ఇక్కడ కూసుంటే ఎట్ల తెలుస్తది? కబురు రావాలె. వచ్చేవరకు అది 'ఇంతకుముందు' అయిపోతది. అందుకని ఏం జేస్తం? కాంతిని పంపుతం, తిరిగొస్తది, పట్టిన టైముల సగం పోవుడుకు, సగం వచ్చుడుకు అని ఒప్పుకుంటం. అట్ల ఒప్పుకున్నంకనే రెండు ఊర్లకు ఒక్క టైము అయితది. మనోడు ఆ ఒప్పందాన్నే జరిపిండు. కాంతిని ఏం జరపలే."

ఎలా జరిపాడో కూడా ఆయనే కనిపెట్టాడు. డాబా మీది యాంటెన్నా నుంచి కింద గడియారం దాకా ఒక తీగ ఉంటుంది. ఆ తీగలో సంకేతానికి పట్టే కాస్త ఆలస్యాన్ని సవరించడానికి గడియారంలో ఒక చోట అంకె వేయాలి. మామూలుగా అది ఒక మేడ ఎత్తు తీగకి సరిపడా ఉంటుంది. మా డిప్యూటీ వేసిన అంకె ప్రకారం ఆ తీగ పొడవు మైనస్ ఆరువందల కిలోమీటర్లు.

మేం ఊరుకోలేదు. ముందు సేల్స్ పెద్దకి చెప్పాం. ఒప్పందంలో సికింద్రాబాదు నుంచి ముంబయికి అనే ఉంది, తిరిగి రావడం గురించి ఎవరూ అడగలేదు కదా అన్నాడు. తర్వాత ఎండీ గారికి చెప్పాం. ఆయన చాలాసేపు ఆలోచించి, వచ్చేటప్పుడు కాంతి ఎందుకు అలిసిపోతోంది అని అడిగారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. తిరుగు దారి సంగతి కూడా వచ్చే మూడు నెలల్లో చూడమన్నారు. గడియారాల సార్ అది తిరుగు దారి సంగతి కాదని, గడియారాన్ని తక్షణం సరిచేయాలని పట్టుబట్టాడు. ఆ సాయంత్రానికే ముంబయి గడియారం పాస్‌వర్డు మార్చి డిప్యూటీకి ఇచ్చేశారు. గడియారాల సార్‌ని జనరేటర్ గది పక్కన ఒక కుర్చీకి మార్చారు. జీతం ఉంది, పని లేదు, చప్పుడు బోలెడు.

ఆ రోజుల్లో ఆయన్ని చూస్తే కష్టంగా ఉండేది. ఇరవై ఏళ్ళు గడియారాలతో గడిపిన మనిషి, పొద్దున్నే వచ్చి జనరేటర్ వంక చూస్తూ కూర్చునేవాడు. వేరేచోట చూసుకోరాదా అన్నాను ఒకసారి. ఏమని చెప్పుకుంట అక్కా, టైము సరిగ్గ ఉంచినందుకు తీసేసిండ్రని చెప్పుకుంటనా అన్నాడు. నేను మళ్ళీ ఎండీ గారికి మెయిల్ పెట్టాను. జవాబుగా జట్టు స్ఫూర్తి మీద ఒక బొమ్మ వచ్చింది. అందులో చీమలు ఆకు మోస్తున్నాయి.

నెల తిరిగేసరికి షేర్ల కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ సాంకేతిక విభాగానికి పెద్ద, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినాయన, మర్నాడే స్వయంగా వస్తున్నానన్నాడు. గొంతులో మర్యాద ఉంది గానీ అది పళ్ళు బిగబట్టిన మర్యాద.

అసలు జరిగింది ఇది. మా సేల్స్ పెద్ద లైనుతో పాటు ఒక బహుమతి కూడా ఇచ్చాడు. ముంబయిలో వాళ్ళ మిషన్లు మా గడియారం నుంచే ఉచితంగా సమయం తీసుకోవచ్చన్నాడు. వాళ్ళు తీసుకున్నారు. అక్కడ మార్కెట్ పక్కనే ఉన్న వాళ్ళ మిషను, ఒక ధర ప్రకటించిన మరుక్షణం కొంటుంది. కొన్న వేళ రాసుకునేది మా గడియారం చూసి. మా గడియారం మూడు మిల్లీసెకన్లు వెనక ఉంది. దాంతో వాళ్ళ రికార్డుల్లో ఏమని పడింది? ధర ప్రకటించడానికి ముందే ఆ ధర చూసి కొన్నట్టు. ఒకసారి కాదు, నెల పొడవునా. మార్కెట్‌వాళ్ళు కూపీ లాగడం మొదలుపెట్టారు. ముందుగా మీకు చెబుతున్న దొంగ ఎవరో బయటపెట్టండి, లేదా మీ వ్యాపారం ఆపేస్తామన్నారు.

మర్నాడు పెద్ద గదిలో అందరం కూర్చున్నాం. ఎండీ గారి ముందు ఒక కాగితం ఉంది. నా కుర్చీ ఎదురుగానే కాబట్టి తలకిందులుగా అయినా చదవగలిగాను. గడియారాల సార్‌ని సస్పెండ్ చేస్తున్న ఉత్తర్వు. సమయ నిర్వహణలో నిర్లక్ష్యమట. ఆయన్ని జనరేటర్ గది దగ్గర్నుంచి పిలిపించారు. వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు.

షేర్ల కంపెనీ ఆయన నెమ్మదిగానే మొదలుపెట్టాడు. "ఏటండీ ఇది? ధర పుట్టక ముందే మేం కొనేశావఁట. మా మిషన్లకి జాతకాలేవైనా తెలుసా ఏటి?"

ఎండీ గారు క్షమాపణ చెప్పి, మా గడియారాల విభాగంలో ఒక వ్యక్తి వల్ల పొరపాటు జరిగిందనీ, తగిన చర్య తీసుకుంటున్నామనీ ఆ కాగితం ముందుకు జరిపారు.

నేను లేచి నిలబడ్డాను. ధైర్యం అని చెప్పను. రిటైర్‌మెంటు దగ్గరపడినవాళ్ళకి కొన్ని సౌకర్యాలుంటాయి, భయం తగ్గడం అందులో ఒకటి. సంతకం పెట్టేముందు రెండు నిమిషాలు తెర చూడమని అడిగాను. వద్దనేలోపే మూడు పరీక్షలూ నడిపాను. వెళ్ళడం ఒకటిన్నర. రావడం ఏడున్నర. ఒకే గడియారంతో వెళ్ళి రావడం తొమ్మిది. పెద్ద అక్షరాల్లో, ఒకదాని కింద ఒకటి.

షేర్ల కంపెనీ ఆయన తెర వంక చూశాడు, తర్వాత సేల్స్ పెద్ద వంక చూశాడు. ఆ చూపుతో సగం సమావేశం అయిపోయింది.

"ముంబయి గడియారం ఎవరి సేతిలో ఉందండీ?"

ఇక్కడ మా డిప్యూటీ గొప్పతనం చెప్పుకోవాలి. గదిలో అందరూ బల్ల వంక చూస్తుంటే, ఆ కుర్రాడు కాస్త సిగ్గుపడుతూ చెయ్యెత్తాడు. నేనే సార్, నేనే ఆప్టిమైజ్ చేశాను అన్నాడు. వాడికి తప్పు చేశానని నిజంగానే తెలియదు. తెరమీద అంకె తగ్గించమన్నారు, తగ్గించాడు. అంతకుముందు నేర్చుకున్న చదువంతా అదే. నాకు కోపం వాడిమీద కంటే, వాడికి శాలువా కప్పినవాళ్ళ మీద వచ్చింది.

ముంబయి గడియారం సెట్టింగులు తెర మీద తెరిపించారు. ఆ తీగ పొడవు అంకె బయటికొచ్చింది. షేర్ల కంపెనీ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "మైనస్ ఆరొందల కిలోమీటర్ల తీగ. ఏ కొట్లో దొరుకుతాదండీ?"

తర్వాత తలుపు పక్కన నిలబడ్డ గడియారాల సార్‌కి కుర్చీ చూపించి, మీరు చెప్పండి, ఈ మూడు మిల్లీసెకన్లకే ఇంత గొడవ ఎందుకొచ్చింది అని అడిగాడు. గడియారాల సార్ కూర్చున్నాడు. నెల రోజుల తర్వాత ఆఫీసులో ఒకరు ఆయన్ని ఏదో అడగడం.

"సార్, కాంతిని దాటి కబురు పోతే ఏమైతదో పుస్తకాల్ల రాసి ఉంటది. ఎవరో ఒకరు, జోరుగ పోయేటోడు చూస్తే, సవాలు కంటే జవాబే ముందొస్తది. అట్ల అయితే లోకం నడవదని, అందుకే కాంతిని దాటుడు లేదని చెప్తరు. మేం నిజంగ దాటలే. దాటినమని గడియారంతోటి అబద్ధం ఆడించినం. అయినా సూడుండ్రి, మీకు ఏం వచ్చింది? ధర కంటే ముందు కొనుడు. సవాలు కంటే ముందు జవాబు. అబద్ధం ఆడినా గదే వచ్చింది."

పాతికేళ్ళు కాంతిని అద్దెకిచ్చి బతికిన నేను, అది కాలాన్నీ దూరాన్నీ ఎంత గట్టిగా కలిపి కుట్టిందో ఒక షేర్ల తగాదాలో తెలుసుకున్నాను. ఒక పోగు లాగితే ఇంకెక్కడో చిరుగుతుంది. చిరిగిన చోటు మాత్రం మన కంపెనీ తలుపు తట్టకుండా పోదు.

ఎండీ గారు తన ముందున్న కాగితాన్ని మెల్లగా వెనక్కి లాక్కుని ఫైల్లో పెట్టుకున్నారు. టైము దాటిపోతోందని భోజనాలకి లేచారు.

గడియారాన్ని ఆ మధ్యాహ్నమే సరిచేశారు. తప్పు మాదేనని మార్కెట్‌వాళ్ళకి రాసిచ్చాం, షేర్ల కంపెనీ గండం నుంచి బయటపడింది. ఇక మా లైను వదిలేస్తారనుకున్నాం. వదల్లేదు. పోటీవాళ్ళది అయిదు, మాది నిజంగా నాలుగున్నర. ఆ అర మిల్లీసెకను తేడాకే మొదటి రోజే సంతోషంగా సంతకం పెట్టేవాళ్ళమన్నారు వాళ్ళు. సేల్స్ పెద్ద ఆ మాట విననట్టు ఫోన్ చూసుకున్నాడు.

డిప్యూటీని బెంగుళూరు పంపారు, పైమెట్టుకే. అక్కడ వ్యూహాల విభాగం చూస్తున్నాడని విన్నాను. గడియారాల సార్‌కి పాస్‌వర్డు తిరిగిచ్చారు, క్షమాపణ మాత్రం ఎవరి దగ్గరా స్టాకు లేదు. ఆయన రెండు నెలలు చూసి, ఆ విజయనగరం ఆయన పిలిస్తే షేర్ల కంపెనీలో చేరిపోయాడు. వీడ్కోలు సభలో ఎండీ గారు సమయమే మన అసలైన ఆస్తి అని మాట్లాడి, ఆయనకి గోడ గడియారం బహూకరించారు. బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి. గడియారాల సార్ అందరికీ నమస్కారం పెట్టి, నా దగ్గరికొచ్చి, ఆ రోజు అందరి ముంగట కూసునే చోటు నీ వల్లనే దొరికింది అక్కా, అది చాలు అన్నాడు. జనరేటర్ గది పక్కన ఆ కుర్చీ చాలా రోజులు ఖాళీగా ఉంది. ఎవరికైనా కేటాయిస్తారేమోనని అటు వెళ్ళేవాళ్ళంతా కాస్త దూరంగా నడిచేవారు.

పిల్లలూ, మీకు చెప్పాల్సింది ఒక్కటే. ఎవరైనా మీకు పోయే దారి వేగం చూపించి మిఠాయి పెడితే, తినండి. తింటూనే వచ్చే దారి సంగతి అడగండి.

నేను రిటైరయ్యే వారం సేల్స్ పెద్ద కొత్త కరపత్రం పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చాడు. పెద్ద అక్షరాల్లో 'కాంతి వేగంతో మీ సేవలో' అని ఉంది. ఈసారి మీరు చెప్పినట్టే కాంతిని దాటలేదు మేడం, సరిగ్గా అక్కడే ఆపాను అన్నాడు, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ. గాజులో కాంతి కూడా ఆ వేగంతో పోదండీ, మూడింట రెండు వంతులే అన్నాను.

ఆయన కరపత్రం అడుగున వేలితో చోటు చూసుకున్నాడు. "ఆ మాట కింద చిన్న అక్షరాల్లో వేయిద్దాం మేడం" అన్నాడు.